బడి మాన్పించి ఇంట్లో చదివించవచ్చునా? – డాలస్ నుంచి ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. తాతల నాటి నుంచి కతోలిక కుటుంబం. ఏడేళ్లుగా డాలస్ శివారులో ఉంటున్నాము. పెద్దబాబుకు ఆరేళ్లు, ఈ మే నెలలో ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్ ముగించాడు. పాపకు నాలుగేళ్లు, చిన్నవాడికి పది నెలలు. నేను బీటెక్ చదివాను, హెచ్-4 వీసా కావడంతో ఉద్యోగం లేదు. కతోలిక బడిలో ఇద్దరికి ఫీజు కట్టే స్థోమత మాకు లేదు. మా విచారణలో (పారిష్‌లో) అయిదారు కుటుంబాలవారు పిల్లలను ఇంట్లోనే చదివిస్తున్నారు. "విశ్వాసం నిలబడాలంటే ఇదొక్కటే దారి" అని వారిలో ఒకావిడ అంటున్నారు. మావారు "నీ ఇష్టం" అంటున్నారు. అత్తగారు ఫోనులో ఏడుస్తున్నారు. నా ఇంగ్లిష్ ఉచ్చారణతో పిల్లలకు చదువు చెప్పగలనా? మొదటి దివ్యసత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్‌కు) నేనే సిద్ధం చేయవచ్చునా? రేపు ఇండియాకు తిరిగి వెళ్లవలసి వస్తే వీళ్ల చదువు ఏమవుతుంది?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నా కళ్లు ఆగింది మీ ఉచ్చారణ బెంగ దగ్గరా కాదు, అత్తగారి కన్నీళ్ల దగ్గరా కాదు. "మావారు నీ ఇష్టం అంటున్నారు" అన్న ఆ చిన్న వాక్యం దగ్గర. పిల్లలను ఇంట్లో చదివించడం అనేది చదువుకు సంబంధించిన నిర్ణయంలా కనిపిస్తుంది గాని, ఆచరణలోకి వచ్చేసరికి అది ఇంటి పనిని కొత్తగా పంచుకోవలసిన వ్యవహారం. "నీ ఇష్టం" అన్నది ఒప్పుకోలు కాదు. పని మొత్తం నీదే, తప్పు జరిగితే బాధ్యతా నీదే అన్నదానికి మర్యాదగల రూపం. అందుచేత నా సమాధానాన్ని ముందే చెప్పేస్తాను. పెద్దబాబును ఒక్క సంవత్సరం, ఆ ఒక్క సంవత్సరమే అన్న లెక్కతో, ఇంట్లో చదివించి చూడండి. అయితే "ఈ పని నాది, ఆ పని నీది" అని మీ ఇద్దరి మధ్యా పేరుపేరునా తేలేదాకా బడికి ఉత్తరం ఇవ్వకండి.

ఈ మాట చెప్పడానికి నాకున్న అర్హత ఎంతో కూడా చెప్పాలి. గుంటూరు జిల్లాలో కన్యస్త్రీలు నడిపే ఒక బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇరవై ఆరేళ్లు పాఠాలు చెప్పాను. పదవీ విరమణ తరువాత హ్యూస్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్న మూడేళ్లలో ఆమె ఇద్దరు పిల్లలను ఇంట్లోనే చదివించింది. నేను పక్కన కూర్చుని సాయం చేశాను, కొన్నిసార్లు చెడగొట్టాను. అంటే బడి వైపు నుంచీ, వంటింటి బల్ల వైపు నుంచీ ఈ విషయాన్ని చూసినదానను. రెండింటిలో ఏదీ స్వర్గం కాదు.

ముందుగా "ఇదొక్కటే దారి" అన్న ఆవిడ మాట చూద్దాం. అది శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, చెప్పిన మాట కాదు. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్య గురించి వెలువరించిన ప్రకటనలో తల్లిదండ్రులే బిడ్డలకు మొదటివారు, ముఖ్యులు అయిన బోధకులని చెప్పిన మాట నిజమే. ఇంటి చదువును సమర్థించేవారు ఎప్పుడూ ఎత్తిచూపేది ఆ వాక్యాన్నే. అయితే అదే ప్రకటన కతోలిక బడుల గొప్పతనాన్ని చెప్పడానికి ఎన్నో పేరాలు వెచ్చించింది. 1983 నాటి శ్రీసభ చట్టంలోని 798వ నియమం ఇంకా స్పష్టంగా ఉంటుంది: కతోలిక విద్యనిచ్చే బడికి బిడ్డలను పంపండి, అది వీలుపడకపోతే బడి వెలుపల తగిన కతోలిక శిక్షణ అందేలా చూడండి, అని దాని సారాంశం. కట్టలేని ఫీజు "వీలుపడకపోవడం" కిందికే వస్తుంది. బాబును ప్రభుత్వ బడికే పంపి, ఇంట్లో ప్రార్థనా, వారానికొకసారి విచారణలో జ్ఞానోపదేశమూ (మతబోధన) నడిపినా మీరు బాధ్యత తప్పినట్లు కాదు. ఇంకొక సంగతి కూడా ఆ సోదరికి తెలిస్తే బాగుండును. 1922లో ఆరెగాన్ రాష్ట్రం పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లి తీరాలని చట్టం చేస్తే, దానిమీద వ్యాజ్యం వేసి 1925లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచినవారిలో బడులు నడిపే కన్యస్త్రీల సంఘం ఒకటి. బిడ్డల చదువును నిర్ణయించే హక్కు తల్లిదండ్రులదన్న ఆ తీర్పు నీడలోనే నేటి ఇంటి చదువులన్నీ సాగుతున్నాయి. బడి నడిపినవారు గెలిచి ఇచ్చిన స్వేచ్ఛతో బడినే పాపంగా చూడటం న్యాయం కాదు. విశ్వాసానికి పరీక్షగా భావించి ఈ పనిలోకి దిగితే, మీకు ఒంట్లో బాగోక పాఠం ఆగిన ప్రతిరోజూ పాపం చేసినట్లు తోస్తుంది; ఆ బరువుతో ఏ తల్లీ పాఠం చెప్పలేదు.

చట్టం సంగతికి వస్తే, మీరున్న టెక్సస్ ఈ విషయంలో చాలా తేలికైన రాష్ట్రం. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇంటి చదువును ప్రైవేటు బడితో సమానంగా చూస్తారు. చదవడం, అక్షరక్రమం, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం అనే అయిదు విషయాలను పుస్తకాల రూపంలోనో, తెర మీదనో ఉన్న పాఠ్యక్రమంతో చిత్తశుద్ధిగా నేర్పితే చాలు. తల్లికి ఉపాధ్యాయ అర్హత ఉండాలన్న నిబంధన లేదు, పిల్లలకు ఏటా పరీక్షలు లేవు. సెప్టెంబరు 1 నాటికి ఆరేళ్లు నిండిన బిడ్డకు నిర్బంధ విద్య వర్తిస్తుంది; మీ బాబు ఇదివరకే ప్రభుత్వ బడిలో చేరి ఉన్నాడు. కాబట్టి చెప్పకుండా మాన్పించకూడదు. ఫలానా తేదీ నుంచి బాబును ఇంట్లో చదివిస్తున్నామని, అవసరమైన విషయాలన్నీ ఉన్న పాఠ్యక్రమాన్ని అనుసరిస్తామని సంతకంతో, తేదీతో ఒక ఉత్తరం ఇచ్చి, దాని నకలు దాచుకోండి. పాపను ఇంకా ఎక్కడా చేర్చలేదు గనుక ఆమె విషయంలో ఎవరికీ ఏమీ తెలియజేయనక్కరలేదు. అయితే మీవారి ఉద్యోగం రేపు ఏ ఊరికి మారుతుందో తెలియదు. న్యూజెర్సీకి మారితే ఇంచుమించు ఇదే తేలిక. న్యూయార్క్ రాష్ట్రానికి మారితే మాత్రం ముందస్తు నోటీసు, ఏటేటా బోధన ప్రణాళిక, మూడు నెలలకొక నివేదిక, 1 నుంచి 6 తరగతులకు ఏడాదికి 900 గంటల బోధన, చివరన మదింపు, ఇవన్నీ ఉంటాయి. మొదటి రోజు నుంచే ఒక నోటు పుస్తకంలో ఏ తేదీన ఏమి చదివారో రెండు పంక్తులు రాసి ఉంచుకుంటే ఎక్కడికి వెళ్లినా పనికివస్తుంది.

మీ వీసాను బట్టి ఒక హెచ్చరిక. సొంత బిడ్డలకు పాఠం చెప్పుకోవడం ఉద్యోగం కాదు. అయితే ఇంటి చదువుల కుటుంబాలు కొన్ని కలిసి వారానికొకరోజు ఉమ్మడి తరగతి పెట్టుకుని, బీటెక్ చదివారు గనుక గణితం మీరు చెప్పండి, మనిషికింత ఇస్తాము అని అడిగే అవకాశం ఉంది. పని అనుమతి లేని హెచ్-4 మీద ఉన్నవారు ఆ డబ్బు ముట్టకూడదు. ఇక ఇంటి చదువు పిల్లలకు ఏడాదికి 2,000 డాలర్ల వరకు ఇచ్చే పథకాన్ని టెక్సస్ 2025లో చట్టం చేసింది, 2026–27 నుంచి దాని అమలు. దరఖాస్తు చేసే ముందు అర్హత నిబంధనలలో పౌరసత్వానికి, వీసాకు సంబంధించిన భాగాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి.

ఇప్పుడు మీ అత్తగారు. ఆమె కన్నీటిని పాతకాలపు మొండితనంగా కొట్టిపారేయకండి. మన జిల్లాలో పల్లెల్లోని కతోలిక కుటుంబాలకు బడి ఎలా దక్కిందో ఆమె తరానికి తెలిసినంతగా మీకు తెలియకపోవచ్చు. ఊరిబడి అరుగు మీద కూర్చోనివ్వని రోజుల్లో మిల్‌హిల్ మిషనరీ సంఘపు గురువులు (ఫాదర్లు) గుడి పక్కనే బడి పెట్టారు. 1904లో గుంటూరుకు వచ్చిన జే.ఎం.జే. (జీసస్, మేరీ, జోసెఫ్ సభ) సిస్టర్లు ఆడపిల్లలను పిలిచి కూర్చోబెట్టారు. ఎంతోమంది ఇళ్లలో ఒక తాతో, ఒక అమ్మమ్మో పలక పట్టుకుని ఆ గడప దాటడంతోనే కుటుంబం రాత మారింది. అటువంటి ఇంటి ఆడపడుచుకు "మనవడిని బడి మాన్పిస్తున్నాము" అన్న మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. మా బడిలో ఒక తండ్రి జూన్ నెల మొదటి రోజున కొడుకును భుజాన ఎక్కించుకుని మూడు మైళ్లు నడిచి వచ్చేవాడు. బిడ్డ చెప్పులు కొత్తవి, మట్టి అంటకూడదని. "మాన్పించడం" అన్న క్రియాపదాన్నే మీ ఇంట్లో వాడకండి. "ఈ ఏడాది ఒకటో తరగతి ఇంట్లోనే చెబుతున్నాను" అనండి. అది అబద్ధం కాదు, వినేవారికి గుండె గుభేలుమనదు. ఆమెకు ఇవ్వదగిన పని కూడా ఒకటుంది, చివర చెబుతాను.

ఇక అసలు చదువు. ఆరేళ్ల బిడ్డకు ఇంట్లో ఎన్ని గంటల పాఠం కావాలని అందరూ అడుగుతారు. గంటన్నర చాలు, అదీ పదిహేనేసి, ఇరవయ్యేసి నిమిషాల ముక్కలుగా. బడిలో నలభై మందిని వరుసలో కూర్చోబెట్టడానికీ, పుస్తకాలు తీయించడానికీ పట్టే సమయం మీకు పట్టదు. మిగిలిన పూట ఆట, మీరు చదివి వినిపించే కథ, చేతిపని, వంటింటి పని. బడిని ఇంట్లో దించాలనుకోవడమే పెద్ద పొరపాటు. మేము ఆ పొరపాటు చేశాము గనుక చెబుతున్నాను. మా అమ్మాయి మొదటి ఏడాది ఒకటో తరగతి పుస్తకాల పెట్టె మొత్తం తెప్పించి, గోడకు కాలపట్టిక అతికించి, ఉదయం ఎనిమిదింటికి గంట కొట్టేది. నిజంగానే చిన్న ఇత్తడి గంట, ఇక్కడి నుంచి నేనే తీసుకెళ్లాను. అక్టోబరు నాటికి మనవడు తన పెన్సిలును బియ్యం డబ్బాలో దాచడం మొదలుపెట్టాడు. డిసెంబరులో, ఆగమన కాలం రెండవ వారంలో, అన్నం వార్చుతుంటే ఆ పెన్సిలు గంజిలోంచి తేలింది. ఆ రోజు మేమిద్దరమూ నవ్వలేదు, గోడమీది కాగితం మాత్రం చింపేశాము.

వర్జీనియాలోని సీటన్ హోమ్ స్టడీ స్కూల్, కాలిఫోర్నియాలోని మదర్ ఆఫ్ డివైన్ గ్రేస్, కోల్బే అకాడమీ వంటి కతోలిక సంస్థలు తరగతివారీగా పాఠ్యక్రమాలను తయారుచేసి పంపుతాయి. పెద్ద తరగతులకు వాటి అవసరం ఉంటుంది. ఒకటో తరగతికి పెట్టె మొత్తం కొనకండి. ధ్వనులతో చదవడం నేర్పే పుస్తకం ఒకటి, గణితం పుస్తకం ఒకటి, చేతిరాత పుస్తకం ఒకటి, గ్రంథాలయ కార్డు ఒకటి చాలు. పౌరసత్వం అనే అయిదవ విషయానికి రోజుకొక కథ, మీరున్న ఊరి పటం, ఎన్నికల రోజున పోలింగు కేంద్రం దగ్గర ఒక చుట్టు నడక, ఆ వయసుకు అంతకంటే అక్కరలేదు.

మీ ఉచ్చారణ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ మీరు లోపమనుకుంటున్నది సగం సాధనమే. మాట తీరును పిల్లలు తల్లి నుంచి కంటే తోటివారి నుంచి పట్టుకుంటారు. టెక్సస్‌లో పెరిగే బిడ్డ టెక్సస్ వానిలాగే మాట్లాడతాడు. చదవడం నేర్చేటప్పుడు వచ్చే అసలు చిక్కు వేరు. మన అక్షరంలో అచ్చు కలిసే ఉంటుంది. "క" అంటే నోరు తెరుచుకుని తీరుతుంది. సి, ఏ, టి అన్న మూడు అక్షరాలను కలిపి పిల్లిని చదవవలసిన చోట మన ఇంటి బిడ్డ "క, ఆ, ట" అని మూడు నిండు అక్షరాలు పలికి, వాటిని ఎంత కలిపినా "కాట" అయ్యేసరికి తెల్లముఖం వేస్తాడు. మా బడిలో పిల్లలు స్కూలును "ఇస్కూలు" అన్నదీ ఈ కారణంగానే, హల్లు ఒంటరిగా నిలబడటం మన చెవికి అలవాటు లేదు. అయితే ఒంటరి హల్లుకు మన రాతలో ఒక గుర్తుంది, పొల్లు. మీ బాబుకు తెలుగు అక్షరాలు కొద్దిగా వచ్చి ఉంటే, క రాసి, దాని తలకట్టు తీసి పొల్లు పెట్టి, "ఇప్పుడు దీని నోరు మూసేశాము, ఏమని పలుకుతుంది?" అని అడగండి. క్. అంతే, ఇంగ్లిషు హల్లులన్నీ పొల్లులే అని వాడికి అర్థమైన రోజున చదువు దారిన పడుతుంది. మా మనవడికి ఇది పట్టడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదవ రోజు ఫ్రిజ్ మీది అయస్కాంతపు అక్షరాలన్నిటికీ నోరు మూసుకుంటూ తిరిగాడు. మీకు పలకడం కష్టమైనవి రెండు మూడు ధ్వనులు ఉంటాయి. "వ"కు ఇంగ్లిషులో రెండు పలుకులున్నాయి, ఒకదానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి, రెండవదానికి పెదవులు సున్నాలా చుట్టుకోవాలి. అద్దం ముందు ఇద్దరూ నిలబడి నేర్చుకోండి. అమ్మ కూడా నేర్చుకుంటోందని చూస్తే బిడ్డకు అవమానం ఉండదు.

ఏడాది పొడవునా ఓపికగా చెప్పినా ధ్వనులు నిలవకపోతే, నిన్న చదివిన మాట నేడు కొత్తగా కనిపిస్తుంటే, వాడిది సోమరితనమని గాని మీది చేతకానితనమని గాని అనుకోకుండా చూపు, వినికిడి పరీక్ష చేయించండి. ఆ తరువాత మీ ప్రాంతపు ప్రభుత్వ బడుల జిల్లాకు లిఖితపూర్వకంగా అర్జీ పెట్టండి. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్నదేమో చూసి గుర్తించవలసిన బాధ్యత ఇంట్లో చదివే పిల్లల విషయంలోనూ వారికి ఉంది.

గణితానికి మీ చేతిలో ఉన్న మంచి పరికరం జపమాల. అపచారమనుకోకండి. సాధారణ జపమాలలో 59 పూసలుంటాయి, వాటిలో మంగళవార్త జపానికి 53, పరలోక జపానికి 6. మా మనవరాలు ఒక సాయంకాలం ప్రార్థన అయ్యాక పూసలు లెక్కపెడుతూ, "అమ్మమ్మా, ఇది అయిదు పదులూ మూడు ఒకట్లూ" అంది. పదుల స్థానం, ఒకట్ల స్థానం గురించి నేను ఆరువారాలుగా పుల్లల కట్టలతో చెబుతున్న పాఠం ఆ పూసల దగ్గర ముగిసింది. అక్కడితో ఆగాలి సుమా. ప్రార్థన సమయంలో లెక్కలు అడగకండి, ప్రార్థన తరువాత ఎన్నయినా అడగండి. పిల్లలతో పూర్తి జపమాల చెప్పించాలన్న పట్టుదల కూడా వద్దు. నాలుగేళ్ల పాప ఒక దశకం (పది పూసల జపం) కుదురుగా కూర్చుంటే అదే ఎక్కువ.

పాపకూ, పది నెలల వాడికీ పాఠాలు లేవు. ఆ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే చుట్టూ ఉన్నవారి నాలుగేళ్ల పిల్లలు చదివేస్తున్నారని విని మీరు కంగారు పడతారు. పాపకు మత శిక్షణ మాత్రం ఈ వయసులోనే లోతుగా దిగుతుంది, పుస్తకం ద్వారా కాదు, చేతి ద్వారా. సోఫియా కవలెట్టి, జియాన్నా గొబ్బి అనే ఇద్దరు స్త్రీలు 1954లో రోమ్ నగరంలో మొదలుపెట్టిన మంచి కాపరి జ్ఞానోపదేశ పద్ధతి మూడేళ్ల పిల్లల నుంచి మొదలవుతుంది. చెక్కతో చేసిన గొఱ్ఱెలు, దొడ్డి, కాపరి; చిన్న బలిపీఠం, చిన్న పాత్రలు. ఒక కథ చెప్పి బొమ్మలను బిడ్డ చేతిలో పెట్టి పెద్దలు నోరు మూసుకుంటారు. నోరు మూసుకోవడమే నాకు అన్నిటికంటే కష్టమైంది, ఉపాధ్యాయురాలిని కదా. ఈ పద్ధతికి మూలం మాంటిస్సోరీ అమ్మగారిది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి 1946 దాకా మన దేశంలో ఉన్నారు. మన ఊళ్లలో వీధికొక బోర్డు మీద కనిపించే ఆ పేరుగల మనిషి కతోలిక స్త్రీ అన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. మీ విచారణలోనో, పక్క విచారణలోనో ఈ తరగతి ఉంటే పాపను చేర్చండి. లేకపోతే పిండి ముద్దతో గొఱ్ఱెలు చేసుకోండి.

మొదటి దివ్యసత్ప్రసాదం విషయంలో తొందరపడవలసిన పని లేదు. 1910లో పదవ పయస్ పోపుగారు వివేకం వచ్చే వయసు సుమారు ఏడేళ్లని నిర్ణయించి, పిల్లలను అనవసరంగా ఆపవద్దన్నారు. ఆ తయారీ బాధ్యతను శ్రీసభ చట్టంలోని 914వ నియమం మొదట తల్లిదండ్రుల మీద, వారితోపాటు విచారణ గురువుల మీద పెట్టింది. కాబట్టి మీరు సిద్ధం చేయవచ్చు. అయితే అమెరికాలో చాలా విచారణలు రెండేళ్లపాటు తరగతులకు రావాలని అడుగుతాయి. కొన్ని మాత్రం ఇంట్లో నేర్పిన పిల్లలతో ముఖాముఖి మాట్లాడి ఒప్పుకుంటాయి. సెప్టెంబరు రాకముందే విచారణలో మతబోధన చూసేవారిని కలిసి వారి పద్ధతి ఏమిటో అడగండి. నన్నడిగితే, మీకు అంతా వచ్చినా సరే, బాబును ఆ తరగతికే పంపండి. ఇంట్లో చదివే బిడ్డకు తన విచారణలో పదిమంది ఈడు పిల్లల ముఖాలు తెలియడం ప్రశ్నోత్తరాలు అప్పజెప్పడం కంటే ముఖ్యం. పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) సిద్ధం చేసేటప్పుడు ఒక జాగ్రత్త. రోజంతా పాఠం చెప్పే తల్లి, తప్పుల పట్టిక కూడా తానే రాసిస్తే, బిడ్డకు దేవుడి ముఖం అమ్మ కోపంలా కనిపిస్తుంది. ఆ భాగాన్ని తండ్రికో, ఫాదరుగారికో వదిలిపెట్టండి.

తోటిపిల్లల గురించి మీరు అడగలేదు గాని, శనివారం విందులలో "మీవాడు ఏ స్కూలు?" అన్న ప్రశ్న మిమ్మల్ని తప్పక చుట్టుముడుతుంది. వారానికొక ఉమ్మడి తరగతి, ఒక పార్కు సాయంకాలం, విచారణ తరగతి, అంతకంటే ఎక్కువ పెట్టుకోకండి. నాలుగు చోట్లకు కారులో తిప్పే తల్లి ఇంట్లో ఏమీ చదివించలేదు. ఆరుగురు బిడ్డలను కని, రొట్టె కూడా ఇంట్లోనే కాల్చుకునే అమెరికా తల్లులతో పోల్చుకోకండి. వారిలో చాలామందికి అమ్మో అక్కో రెండు వీధుల అవతల ఉంటారు. మీకు అమ్మ సముద్రాల అవతల ఉంది.

ఇండియాకు తిరిగి వస్తే ఏమిటన్నదానికి భయపడకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. బడిలో లేని బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని దాని 4వ సెక్షను చెబుతుంది. ప్రైవేటు బడులు సొంతంగా పరీక్ష పెడతామంటాయి. ఆ వయసుకు అందులో ఉండేది చదవడం, రాయడం, లెక్కలే. తెలుగు రాయడం రాకపోతే ఇబ్బంది పడతాడు, ఇంగ్లిషుతో కాదు. ఇంటి చదువును కొనసాగించాలనుకుంటే జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ వారి ప్రాథమిక స్థాయి 3, 5, 8 తరగతులకు సమానమైన ధ్రువపత్రాలను ఇస్తుంది.

మళ్లీ మీవారి దగ్గరకు వస్తాను. ఒక సాయంకాలం, పిల్లలు పడుకున్నాక, టీ పెట్టుకుని ఇద్దరూ ఒక కాగితం తీసుకోండి. రోజూ రాత్రి అరగంట గణితం ఆయనది. శనివారం ఉదయం మూడు గంటలు ముగ్గురు పిల్లలూ ఆయనవారు, ఆ మూడు గంటలూ మీరు ఇంట్లో ఉండకూడదు. గ్రంథాలయంలో కూర్చుంటారో, ఊరికే కారులో నిద్రపోతారో మీ ఇష్టం. ఈ "మీ ఇష్టం" మంచిది. మీకు జ్వరం వస్తే ఎవరు సెలవు పెడతారు, చంటివాడు రాత్రంతా నిద్రపోనివ్వని మర్నాడు పాఠం ఉంటుందా ఉండదా, ఇవి కూడా రాసుకోండి. క్రిస్మస్ తరువాత ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి అదే కాగితం ముందు కూర్చుని, కొనసాగించాలా ఆపాలా అని మాట్లాడుకోండి. వారంలో మూడు రోజులు మీరు బాబుమీద అరుస్తున్నారంటే ఆపవలసిందే. ఇంటి చదువు ఆగితే బడి ఉంది. తల్లిని చూసి బిడ్డ పెన్సిలు దాచడం అలవాటైతే దానికి మందు వెతకడం కష్టం. ఆయన ఈ కాగితం మీద చేయి పెట్టకపోతే, ఆగస్టులో బాబు ఒకటో తరగతికి బడికి వెళ్లడమే నా సలహా, సంకోచం లేకుండా.

అత్తగారికి ఇవ్వవలసిన పని ఇది. ఎండాకాలంలో మీకు ఉదయం ఎనిమిదైతే గుంటూరులో సాయంత్రం ఆరున్నర, నవంబరు తరువాత ఏడున్నర. వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు, వీడియో పిలుపులో బాబుకు తెలుగు ఆమే చెప్పాలి. ఒకరోజు గుణింతం, ఒకరోజు ప్రార్థన. "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అన్న మాటలను ఆమె ఏ తీరున పలుకుతారో ఆ తీరున వాడు నేర్చుకుంటాడు. ఒక రెండుగీతల కాపీ పుస్తకం కొని, వాడు రాసిన పేజీని ఫొటో తీసి ఆమెకు పంపండి, ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపమనండి. మొదటి పేజీ అందుకున్న రోజున ఆమె ఏడవవచ్చు. ఫోను పెట్టేయకుండా ఉండండి, ఏడ్చాక తప్పులు చెబుతారు.